ఆకలి – కాలేయం – స్వభక్షణ: కీమోథెరపీ చరిత్రలో తెలుగువారి పాత్ర, చిలకలూరిపేట ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం

జీవకణం తనలో పాతబడిన, చెడిన భాగాలను తానే విచ్ఛిన్నం చేసి, వాటి ముడిపదార్థాన్ని తిరిగి వాడుకునే ప్రక్రియకు ఆటోఫజీ అని పేరు. దీనిని తెలుగులో స్వభక్షణ అనవచ్చు. ఈ ప్రక్రియను శాస్త్రజ్ఞులు మొదట గుర్తించింది కాలేయంలో. క్యాన్సర్‌కు వాడిన తొలితరం మందుల్లో ముఖ్యమైనవి కూడా కాలేయంపై జరిగిన పరిశోధన నుంచే పుట్టాయి. ఆ పరిశోధనకు సారథ్యం వహించినవాడు తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ రెండు చరిత్రలు ఎక్కడ కలుస్తాయో, కీమోథెరపీ కాలంలో కాలేయ ఆరోగ్యానికీ ఆకలికీ స్వభక్షణతో ఉన్న సంబంధం ఏమిటో, ఉపవాసం గురించి ప్రజల్లో ఉన్న నమ్మకానికి ఈ చరిత్ర ఏ హద్దు గీస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్వభక్షణ, కాలేయం, ఆకలి, కీమోథెరపీ, యల్లాప్రగడ సుబ్బారావు, మెథోట్రెక్సేట్, సొరఫెనిబ్, లంఘనం, బృంహణం, చిలకలూరిపేట.

1. ఉపోద్ఘాతం

‘లంఖణం పరమౌషధం’ అన్నది తెలుగునాట తరతరాలుగా వినిపించే మాట. జ్వరం తగిలినా, అజీర్తి చేసినా ఒక పూట కడుపు మాడ్చుకోవడం ఇంటివైద్యంలో మొదటి మెట్టు. 2016లో జపాన్ శాస్త్రజ్ఞుడు యోషినోరి ఓసుమికి స్వభక్షణ పరిశోధనకు నోబెల్ బహుమతి వచ్చిన తరువాత ఈ పాతమాటకు కొత్త బలం చేకూరింది. పస్తు ఉంటే కణాలు తమను తాము శుభ్రం చేసుకుంటాయన్న వార్త జనంలోకి వెళ్లింది. దాని వెంటనే, పస్తు ఉంటే క్యాన్సర్ కణాలు ఆకలితో మాడిపోతాయన్న మరో మాట కూడా ప్రచారంలోకి వచ్చింది.

ఆరోగ్యవంతుడు శివరాత్రినాడు కోటప్పకొండకు వెళ్లి ఒకరోజు ఉపవాసం ఉంటే అతని కాలేయం ఆ లోటును సునాయాసంగా సర్దుకుంటుంది. కీమోథెరపీ తీసుకుంటూ, నోరు పూసి, ముద్ద మింగుడుపడక, నెలకు రెండుమూడు కిలోలు తగ్గిపోతున్న రోగి స్థితి అది కాదు. ఒకే సలహా ఒకరికి వ్రతమైతే మరొకరికి ప్రాణాపాయం కావచ్చు. కాబట్టి స్వభక్షణ గురించి శాస్త్రం నిజంగా ఏం తెలుసుకున్నదో, ఏ క్రమంలో తెలుసుకున్నదో పరిశీలించవలసిన అవసరం ఉంది.

2. ప్రాంత నేపథ్యం: పత్తి, మిరప, కాలేయం

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో, గుంటూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరాన, మద్రాసు – కలకత్తా రహదారిపై ఉన్న పట్టణం చిలకలూరిపేట. దీని చుట్టూ గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి మైదానం పరచుకొని ఉంది. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదిలిన తరువాత ఈ సీమ వ్యవసాయం రూపుమారింది. పత్తి, మిరప ఇక్కడి ప్రధాన వాణిజ్యపంటలయ్యాయి. పత్తి వెంట జిన్నింగు మిల్లులు, నూలు మిల్లులు వచ్చాయి. తెల్లదోమ, శనగపచ్చపురుగు వెంట పురుగుమందులు వచ్చాయి. 1987 – 88లో పత్తిపంట దెబ్బతిని గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ఆత్మహత్యలకు పాల్పడిన విషాదం ఈ నేల చరిత్రలో భాగం.

శరీరంలోకి వచ్చే విషాలను ముందుగా ఎదుర్కొనే అవయవం కాలేయం. పురుగుమందైనా, సారాయైనా, నొప్పిమాత్రైనా, కీమోథెరపీ మందైనా ఎక్కువభాగం కాలేయకణంలోని ఎంజైమ్‌ల ద్వారానే మారి బయటకు పోవాలి. మిరప విషయంలో మరో ప్రమాదం ఉంది. కళ్లాల్లో ఆరబోసిన కాయ తడిసినా, సరిగా ఎండకపోయినా ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చనిపోయినప్పుడు, వాటి దాణాలోని వేరుశనగచెక్కలో ఈ విషం బయటపడింది. 1974లో గుజరాత్, రాజస్థాన్ గిరిజన గ్రామాల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కాలేయవ్యాధితో మరణించారు. ఆ ఘటనపై హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞుల అధ్యయనం 1975లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. అఫ్లాటాక్సిన్ మనిషిలో కాలేయక్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. సుగంధద్రవ్యాల్లో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు మించరాదన్న ఐరోపా నియమం మిరప ఎగుమతిదారులకు సుపరిచితం. ఈ సీమ పండించే పంటలకూ కాలేయానికీ ఉన్న సంబంధం ఇంత దగ్గరిది.

3. కార్జం నుంచి ఫోలిక్ ఆమ్లం వరకు

రక్తం తక్కువైనవారికి మేక కార్జం వండిపెట్టడం తెలుగు ఇళ్లలో పాత అలవాటు. పాశ్చాత్యవైద్యంలో ఈ ఆలోచనకు శాస్త్రరూపం 1926లో వచ్చింది. బోస్టన్‌కు చెందిన జార్జ్ మైనాట్, విలియం మర్ఫీ ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనతను కాలేయాహారంతో నయం చేసి చూపారు. జార్జ్ విపుల్‌తో కలిసి వారికి 1934లో నోబెల్ బహుమతి లభించింది. కాలేయంలో ఉన్న ఆ ఔషధద్రవ్యం ఏమిటన్న ప్రశ్న అక్కడి పరిశోధకులందరినీ ఆకర్షించింది. వారిలో ఒకరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఆయన సోదరులిద్దరు స్వల్పవ్యవధిలో స్ప్రూ వ్యాధితో మరణించారు. పేగులు ఆహారాన్ని ఇముడ్చుకోలేకపోవడం, విరేచనాలు, ఆకలి నశించడం, క్రమంగా కృశించడం ఆ వ్యాధి లక్షణాలు. మద్రాసు వైద్యకళాశాలలో చదువు ముగించి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించి, 1923లో ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. తరువాత కండరంలో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని గుర్తించారు. కణం చేసే ప్రతి పనికీ శక్తినిచ్చే నాణెం ఏటీపీ. ఇది తగ్గిందన్న సంకేతమే స్వభక్షణకు ప్రేరకమని తేలడానికి మరో ఎనభై ఏళ్లు పట్టింది.

1930ల్లో సుబ్బారావు కాలేయసారం శుద్ధీకరణపై పనిచేశారు. 1940లో లెడర్లీ సంస్థకు మారిన తరువాత ఆ పని విస్తృతమైంది. ఇంతకుముందే బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు జౌళిమిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, అది ఈస్ట్‌సారంతో నయమవుతుందని 1931లో ప్రకటించారు. ఈస్ట్‌లోనూ, కాలేయంలోనూ, ఆకుకూరల్లోనూ ఉన్న ఆ పోషకానికి 1941లో ఫోలిక్ ఆమ్లం అనే పేరు వచ్చింది. 1943లో దానిని కాలేయం నుంచి స్ఫటికరూపంలో వేరుచేశారు. 1945లో సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ బృందం దానిని కృత్రిమంగా తయారుచేయగలిగింది. స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆమ్లం ఇచ్చినప్పుడు రక్తం పెరగడమే కాక ఆకలి కూడా తిరిగి వచ్చింది. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు ఆయన నడిపిన ప్రయోగశాల నుంచే వచ్చింది.

4. ఆహారాన్ని పోలిన విషం: 1948

బోస్టన్ బాలల ఆసుపత్రికి చెందిన సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు లెడర్లీ నుంచి వచ్చిన ఫోలిక్ ఆమ్ల సమ్మేళనాలను ఇచ్చినప్పుడు వ్యాధి తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. పోషకం క్యాన్సర్‌ను పెంచితే, ఆ పోషకాన్ని పోలి ఉండి దాని స్థానాన్ని ఆక్రమించే నకిలీ పదార్థం క్యాన్సర్‌ను ఆపాలి. ఈ తర్కంతో సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను ఫార్బర్ వాడారు. 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగుదల కనిపించింది. ఆ వివరాలు 1948 జూన్ 3న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయ్యాయి. రెండు నెలలకు, ఆగస్టులో, సుబ్బారావు న్యూయార్క్‌లో మరణించారు. అమినోప్టెరిన్‌కు సన్నిహితమైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ రక్తక్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ, సోరియాసిస్‌కూ వాడుకలో ఉంది.

ఈ మందుల పని తీరులోనే వాటి దుష్ఫలితాల మూలం ఉంది. ఫోలిక్ ఆమ్లం అందకపోతే కణం కొత్త డీఎన్‌ఏ తయారుచేయలేదు. వేగంగా విభజన చెందే క్యాన్సర్ కణం దానితో ఆగిపోతుంది. నోటిలోని, పేగులోని పొర కూడా కొద్దిరోజుల్లోనే పాతది పోయి కొత్తది రావలసిన కణజాలం. అదీ దెబ్బతింటుంది. ఫార్బర్ తొలి వ్యాసంలోనే నోటిపూత ప్రస్తావన ఉంది. మెథోట్రెక్సేట్ కాలేయకణంలోకి చేరాక గ్లుటామేట్ అణువులను తగిలించుకొని చాలాకాలం అక్కడే నిలిచిపోతుంది. అధికమోతాదులో కాలేయ ఎంజైమ్‌లు రక్తంలో పెరుగుతాయి. తక్కువ మోతాదులో ఏళ్లతరబడి వాడితే కొందరిలో కాలేయం గట్టిపడుతుంది. ఈ హానికి విరుగుడు మళ్లీ ఫోలేట్ కుటుంబానికి చెందిన ల్యూకోవోరిన్, ఫోలిక్ ఆమ్లాలే. పోషకాన్ని ఆపి క్యాన్సర్‌ను అణచడం, ఆ తరువాత పోషకాన్ని అందించి మనిషిని నిలబెట్టడం అనే రెండు పనుల మధ్య సమతూకమే తొలినుంచీ కీమోథెరపీ కీలకం.

5. స్వభక్షణ వెలుగుచూసిన చోటు

బెల్జియంలోని లువేన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ డి డువ్ కాలేయంపై ఇన్సులిన్ ప్రభావాన్ని పరిశోధిస్తున్నారు. 1949లో ఎలుక కాలేయసారంలో ఒక ఎంజైమ్‌ను కొలుస్తుండగా, తాజా సారంలో దాని చర్య చాలా తక్కువగా, కొద్దిరోజులు నిల్వ ఉంచిన సారంలో ఎక్కువగా కనిపించింది. ఆ ఎంజైమ్ ఏదో సంచిలో బందీగా ఉండి, సంచి పగిలినప్పుడు బయటికి వస్తున్నదని ఆయన ఊహించారు. ఆ సంచులకు 1955లో లైసోసోమ్‌లు అని పేరుపెట్టారు. అవి కణపు జీర్ణాశయాలు.

1962లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో థామస్ ఆష్‌ఫర్డ్, కీత్ పోర్టర్ ఎలుక కాలేయంలోకి గ్లూకగాన్ అనే హార్మోన్ పంపి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశారు. గ్లూకగాన్ శరీరం పస్తుగా ఉన్నప్పుడు పెరిగే హార్మోన్. కాలేయకణాల లైసోసోమ్‌లలో ఆ కణానికే చెందిన మైటోకాండ్రియా సగం జీర్ణమైన స్థితిలో కనిపించాయి. 1963లో లండన్‌లో జరిగిన లైసోసోమ్‌ల సదస్సులో డి డువ్ ఈ వింతకు ఆటోఫజీ అని పేరుపెట్టారు. ఆయనకు 1974లో నోబెల్ బహుమతి లభించింది.

ఆ తరువాత గ్లెన్ మార్టిమోర్ వంటివారు ఈ ప్రక్రియకు తాళంచెవిని వెతికారు. కాలేయానికి అందే అమైనో ఆమ్లాలు తగ్గితే స్వభక్షణ మొదలవుతుందనీ, అవి తిరిగి అందితే ఆగుతుందనీ 1977లో తేలింది. రెండురోజులు పస్తున్న ఎలుక కాలేయం తన ప్రోటీన్‌లో దాదాపు మూడోవంతు కోల్పోతుంది. పస్తు సమయంలో కాలేయం తనను తాను కరిగించుకొని రక్తానికీ, మెదడుకూ ఇంధనం అందిస్తుంది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. స్వభక్షణ మొదట కనిపించింది శుభ్రతాకార్యంగా కాదు, కరువుకాలపు సర్దుబాటుగా. గాదె నిండినవాడు పాతగింజలు ఏరుకోవడానికీ, గాదె ఖాళీ అయినవాడు విత్తనపుగింజలు దంచుకోవడానికీ ఉన్నంత తేడా ఈ రెంటి మధ్య ఉంది.

6. ఈస్ట్ నుంచి కాలేయానికి

ముప్పైఏళ్లపాటు ఈ రంగం సూక్ష్మదర్శిని చిత్రాల దగ్గరే ఆగిపోయింది. దానిని ముందుకు నడిపినవారు ఓసుమి. టోక్యో విశ్వవిద్యాలయంలో ఆయన రొట్టెలు పులియబెట్టే ఈస్ట్‌ను ఎంచుకున్నారు. విచ్ఛిత్తి ఎంజైమ్‌లు లేని ఈస్ట్‌ను పస్తు పెట్టగా, జీర్ణం కాని సంచులు కుప్పగా పేరుకొని మామూలు సూక్ష్మదర్శినికే కనిపించాయి. ఈ ఫలితం 1992లో వెలువడింది. మరుసటి ఏడు మికి సుకాడాతో కలిసి ఈ ప్రక్రియకు అవసరమైన 15 జన్యువుల జాడ తీశారు. అవే జన్యువుల సాటిరూపాలు ఎలుకల్లోనూ, మనుషుల్లోనూ బయటపడ్డాయి.

జన్యువు తెలిస్తే దానిని తీసివేసి ఏం జరుగుతుందో చూడవచ్చు. 2005లో మసాకి కొమాత్సు బృందం ఎలుక కాలేయంలో ఏటీజీ7 అనే జన్యువును తొలగించింది. కాలేయం ఉబ్బింది. చెడిన మైటోకాండ్రియా, ముద్దకట్టిన ప్రోటీన్లు కణాల్లో పేరుకున్నాయి. 2009లో రజత్ సింగ్, మార్క్ చాజా, ఆనా మారియా కుయెర్వో తదితరులు కాలేయకణంలోని కొవ్వుబిందువులను కరిగించేది కూడా స్వభక్షణేనని చూపారు. అది కుంటుపడితే కాలేయానికి కొవ్వు పడుతుంది. మద్యం వల్లా, పారాసెటమాల్ అధికమోతాదు వల్లా కాలేయానికి కలిగే హానిని స్వభక్షణ తగ్గిస్తుందని ఎలుకలపై జరిగిన ఇతర ప్రయోగాలు తెలిపాయి. విషం తాకిన మైటోకాండ్రియాను తొలగించకపోతే అవి కణాన్నే చంపుతాయి.

దీనికి మరో ముఖం కూడా ఉంది. 1999లో బెత్ లెవిన్ బృందం బెక్లిన్ 1 అనే స్వభక్షణ జన్యువు క్యాన్సర్‌ను నిరోధిస్తుందని చూపింది. 2011లో స్వభక్షణ జన్యువులు లోపించిన ఎలుకల కాలేయాల్లో కంతులు పుట్టాయి. స్వభక్షణ ఉంటే కంతి పుట్టుక ఆగుతుందన్నమాట. కాని ఒకసారి పుట్టి పెరిగిన కంతి అదే స్వభక్షణను తన బతుకుకు వాడుకుంటుంది. రక్తం సరిగా అందని కంతి మధ్యభాగంలోని కణాలూ, మందుదెబ్బ తిన్న క్యాన్సర్ కణాలూ తమ భాగాలనే తిని ఆ గండం గడుపుకుంటాయి. 2007లో రవి అమరవాది తదితరులు క్లోరోక్విన్ అనే పాత మలేరియా మందుతో స్వభక్షణను అడ్డగిస్తే, ఎలుకల లింఫోమాపై కీమోథెరపీ మందు మరింత బాగా పనిచేసిందని చూపారు. తరువాత హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో మనుషులపై ప్రయోగాలు మొదలయ్యాయి. అంటే క్యాన్సర్ వైద్యపరిశోధనలో ఒక ముఖ్యశాఖ స్వభక్షణను పెంచే ప్రయత్నం కాదు, అణచే ప్రయత్నం. పస్తుతో క్యాన్సర్ కణం మాడిపోతుందన్న ప్రచారం ఈ సత్యాన్ని దాటవేస్తుంది. పస్తును తట్టుకోవడం క్యాన్సర్ కణానికి కూడా తెలుసు.

7. ఆకలి ఎక్కడ పుడుతుంది?

ఆకలి కడుపులో తెలుస్తుంది గాని, దాని పాలన మెదడులోని హైపోథలామస్‌లో జరుగుతుంది. అక్కడ ఏజీఆర్‌పీ అనే పదార్థాన్ని విడుదలచేసే నాడీకణాలు ఆకలిని రేపుతాయి. 2011లో సుస్మితా కౌశిక్, రజత్ సింగ్ తదితరులు ఈ కణాలను పరిశీలించారు. పస్తు సమయంలో రక్తంలో పెరిగిన కొవ్వు ఆమ్లాలు ఆ నాడీకణాలను చేరతాయి. అక్కడ స్వభక్షణ చురుకై, కణంలో దాచిన కొవ్వును కరిగిస్తుంది. ఆ కొవ్వు ఆమ్లాలు ఏజీఆర్‌పీని పెంచుతాయి. జంతువు మేత వెతుక్కుంటుంది. ఈ కణాల్లో ఏటీజీ7ను తొలగించిన ఎలుకలు పస్తు తరువాత కూడా తక్కువ తిన్నాయి, సన్నగా ఉండిపోయాయి. ఈ లెక్కన స్వభక్షణ ఆకలికి శత్రువు కాదు. ఆకలిని పుట్టించే యంత్రాంగంలో అదొక భాగం.

కీమోథెరపీలో ఈ సహజక్రమం తలకిందులవుతుంది. రోగి పస్తుగానే ఉంటాడు, శరీరం కరుగుతూనే ఉంటుంది, ఆకలి మాత్రం పుట్టదు. దీనికి కారణాల్లో ఒకటి జీడీఎఫ్-15 అనే హార్మోన్. కాలేయంతో సహా అనేక అవయవాల కణాలు దెబ్బతిన్నప్పుడు దీనిని రక్తంలోకి వదులుతాయి. దీని గ్రాహకం మెదడుకాండంలో, వాంతిని శాసించే ప్రాంతంలో ఉన్నదని 2017లో నాలుగు బృందాలు వేర్వేరుగా కనుగొన్నాయి. సిస్‌ప్లాటిన్ వంటి ప్లాటినం మందులు జీడీఎఫ్-15ను పెంచుతాయి. 2020లో ప్రకటించిన ఒక అధ్యయనంలో ఈ హార్మోన్‌ను అడ్డగించినప్పుడు ఎలుకల్లోనూ, కోతుల్లోనూ మందువల్ల కలిగే అరుచి, వాంతులు, బరువు తగ్గుదల తగ్గాయి. 2024లో జీడీఎఫ్-15 అధికంగా ఉన్న 187 మంది క్యాన్సర్ రోగులపై 12 వారాలపాటు జరిగిన ప్రయోగంలో, పొన్సెగ్రోమాబ్ అనే ప్రతిరక్షకం అధికమోతాదులో పొందినవారికి, మందులేని సూది పొందినవారితో పోలిస్తే, సుమారు 2.8 కిలోల బరువు పెరిగింది.

ఈ ఫలితాలు రోగి కుటుంబానికి చెప్పే ముఖ్యమైన మాట ఒకటుంది. రోగి తినకపోవడం మొండితనమూ కాదు, మనోధైర్యం లేకపోవడమూ కాదు. దెబ్బతిన్న కణాలు మెదడుకు పంపే రసాయనసందేశం అది. ‘తినాలని మనసులో ఉంటే తింటారు’ అని గద్దించడం వల్ల ఆ సందేశం ఆగదు.

8. సొరఫెనిబ్: గుంటూరు సీమతో మరో ముడి

ముదిరిన కాలేయక్యాన్సర్‌లో ఆయుష్షు పెంచగలదని నిరూపణ అయిన తొలి నోటిమందు సొరఫెనిబ్. 2008లో వెలువడిన ప్రయోగంలో మందు తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం 10.7 నెలలు, తీసుకోనివారిది 7.9 నెలలు. ఇది సంప్రదాయ కీమోథెరపీ కాదు, కణంలోని ప్రత్యేక ఎంజైమ్‌లను గురిపెట్టే మందు. అయినా విరేచనాలు, అరుచి, బరువు తగ్గడం దీనితోనూ తప్పవు. ఈ మందు తగిలిన కాలేయక్యాన్సర్ కణాల్లో స్వభక్షణ చురుకవుతుందని ప్రయోగశాలల్లో గమనించారు. అది కొన్నిసార్లు కణాన్ని కాపాడి, మందుకు లొంగకుండా చేస్తుంది.

భారతదేశంలో బేయర్ సంస్థ ఈ మందుకు నెలకు సుమారు రూ. 2,80,000 ధర పెట్టింది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మాకు నిర్బంధ లైసెన్సు మంజూరు చేశారు. దేశంలో ఇదే మొదటిది. 120 మాత్రల నెలసరి మోతాదు ధర రూ. 8,880గా నిర్ణయమైంది. నాట్కో స్థాపకులు నన్నపనేని వెంకయ్యచౌదరి గుంటూరు జిల్లా గొల్లమూడిపాడుకు చెందినవారు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నాట్కో తోడ్పాటుతో క్యాన్సర్ విభాగం ఏర్పడింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం క్యాన్సర్ చికిత్స ఖర్చును పేదకుటుంబాల భుజాలపైనుంచి చాలావరకు దించింది. చిలకలూరిపేట నుంచి బస్సులో గంటకు పైగా ప్రయాణిస్తే మందు దొరుకుతుంది. కాని మందు దొరికినంత మాత్రాన చికిత్స పూర్తికాదు. రెండు విడతల మధ్య ఇంటిదగ్గర గడిచే మూడువారాల్లో రోగి ఏం తిన్నాడన్నది తరువాతి విడత మోతాదును నిర్ణయిస్తుంది. బరువు తగ్గి, కాలేయ పరీక్షలు తప్పితే మోతాదు తగ్గించవలసి వస్తుంది, లేదా చికిత్స వాయిదా పడుతుంది.

9. పథ్యం: లంఘనమా, బృంహణమా?

లంఖణాన్ని సమర్థించేవారు ఆయుర్వేదాన్ని సాక్ష్యం పిలుస్తారు. అయితే చరకసంహిత సూత్రస్థానం 22వ అధ్యాయం పేరు ‘లంఘనబృంహణీయం’. లంఘనం అంటే శరీరాన్ని తేలికపరచడం, బృంహణం అంటే పుష్టినివ్వడం. రెండూ చికిత్సలే. క్షీణించినవారికి, కృశించినవారికి, దుర్బలులకు, వృద్ధులకు ఆ గ్రంథం విధించింది బృంహణం. కీమోథెరపీతో చిక్కిపోతున్న రోగి ఏ వర్గానికి చెందుతాడో చెప్పడానికి వ్యాఖ్యాత అవసరం లేదు. లోకోక్తి సగం శాస్త్రాన్నే జ్ఞాపకం పెట్టుకుంది.

ఆధునిక పరిశోధన కూడా ఇదే దిశను చూపుతున్నది. 2020లో నెదర్లాండ్స్‌లో 131 మంది రొమ్ముక్యాన్సర్ రోగులపై జరిగిన ప్రయోగంలో, ఉపవాసాన్ని పోలిన ఆహారం పాటించినవారికీ మామూలుగా తిన్నవారికీ మధ్య కీమోథెరపీ తీవ్ర దుష్ఫలితాల్లో తేడా కనిపించలేదు. ఆ ఆహారనియమాన్ని చివరిదాకా పాటించగలిగినవారు కొద్దిమందే. వారు వైద్యుల పర్యవేక్షణలో ఉన్న, పోషణలోపం లేని రోగులన్న సంగతి మరువరాదు. పోషణలోపం ఉన్న లేదా రాగల రోగికి ఆహారం తగ్గించే నియమాలు పెట్టవద్దని ఐరోపా పోషణవైద్య సంఘం సూచించింది. రోజుకు బరువులో కిలోకు 25 నుంచి 30 కేలరీలు, 1 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అవసరమని దాని అంచనా. 50 కిలోల మనిషికి ఇది 1,250 నుంచి 1,500 కేలరీలు, 50 నుంచి 75 గ్రాముల ప్రోటీన్.

గుంటూరు సీమలో ఈ లెక్కకు అడ్డం వచ్చేది కారం. కొరివికారం, గోంగూరపచ్చడి లేకుండా ముద్ద దిగని నాలుకకు నోటిపూత వచ్చినప్పుడు కంచంలో ఉన్నదంతా ఒక్కసారిగా నిప్పవుతుంది. కారం తీసేస్తే రుచి పోతుంది, ఉంచితే నోరు మండుతుంది. చివరికి రోగి గంజితో, పలుచని మజ్జిగతో సరిపెట్టుకుంటాడు. అందులో ప్రోటీన్ నామమాత్రం. కాలేయానికి అమైనో ఆమ్లాలు అందనప్పుడు అది తన్ను తాను కరిగించుకుంటుందన్న 1977 నాటి పాఠం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పెసరపప్పు కట్టు, మెత్తగా ఉడికించి నెయ్యి కలిపిన కిచిడీ, గుడ్డు, గడ్డపెరుగు, వేయించిన శనగపిండి జావ వంటివి కారం లేకుండానే ఆ లోటు పూరించగలవు. మూడుపూటల భోజనానికి బదులు రెండు గంటలకొకసారి కొద్దికొద్దిగా పెట్టడం అరుచి ఉన్నవారికి అనువైన పద్ధతి. కామెర్లని భయపడి నాటు పసరు తాగించడం ఇప్పటికే మందుభారం మోస్తున్న కాలేయంపై మరో బరువు వేయడమే.

10. ముగింపు

స్వభక్షణ చరిత్ర, కీమోథెరపీ చరిత్ర రెండూ కాలేయం దగ్గర మొదలయ్యాయి. రెండింటిలోనూ ఆకలే కేంద్రప్రశ్న. సుబ్బారావు తరం పోషకాన్ని కాలేయంలో వెతికి, దాని నకిలీతో క్యాన్సర్‌ను అణచింది. డి డువ్, ఓసుమిల తరాలు పోషకం అందని కణం ఎలా బతుకుతుందో వివరించాయి. ఏటీపీ తగ్గుదలను పసిగట్టే ఎంజైమ్ స్వభక్షణను ప్రేరేపిస్తుందని 2011లో తేలినప్పుడు, 1929 నాటి హార్వర్డ్ ప్రయోగశాల ఫలితం ఈ రెండో చరిత్రలోకి కూడా ప్రవేశించింది.

ఈ పరిశీలన నుంచి మూడు విషయాలు తేటపడుతున్నాయి. మొదటిది, నిత్యం కొద్దిపాటిగా జరిగే స్వభక్షణ కాలేయాన్ని కాపాడుతుంది. రెండవది, చికిత్సకాలంలో అదే ప్రక్రియ క్యాన్సర్ కణాన్ని కూడా కాపాడగలదు గనుక దానిని పస్తుతో పెంచాలన్న సూత్రం సరళం కాదు. మూడవది, కీమోథెరపీలో ఆకలి నశించడం శరీరం కోరుకున్న లంఖణం కాదు, మందుదెబ్బకు అది పలికే బాధ. పత్తిచేలో పనిచేసి, మిరపకళ్లంలో కాయ ఏరి, చికిత్సకు గుంటూరు బస్సెక్కే మనిషికి ఈ మూడో విషయం ముందుగా తెలియాలి. వైద్యుణ్ణి అడగకుండా పస్తు పెట్టవద్దని, తినలేకపోతే ఆ సంగతి నొప్పి చెప్పినట్టే వైద్యుడికి చెప్పాలని ఆ కుటుంబానికి చేరవేయడం ఈ చరిత్ర తెలిసినవారి బాధ్యత.